ఐసీయూలో వైర్‌లెస్ సెన్సర్లతో రోగుల పర్యవేక్షణ: పది పడకల యూనిట్‌కు సమగ్ర మార్గదర్శి

ఐసీయూ పడక మీద ఉన్న రోగి ఒంటి నుంచి మానిటర్‌కు వెళ్లే తీగలను లెక్కపెడితే ఈసీజీకి మూడు లేదా ఐదు, వేలికి తగిలించిన ఆక్సిజన్ ప్రోబ్‌కు ఒకటి, ఉష్ణోగ్రతకు ఒకటి, బీపీ పట్టీకి ఒక గొట్టం, ధమనిలో లైను ఉంటే దానికి మరొకటి కనిపిస్తాయి. రోగిని పక్కకు తిప్పాలన్నా, కుర్చీలో కూర్చోబెట్టాలన్నా, సీటీ స్కాన్‌కు తీసుకెళ్లాలన్నా ముందు ఈ చిక్కు విప్పుకోవాలి. స్కాన్‌కు వెళ్లే దారిలో, ఒక మానిటర్ నుంచి తీసి ఇంకో మానిటర్‌కు తగిలించే ఆ కొద్ది నిమిషాల్లో, అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్న రోగి మీద ఎవరి కన్నూ ఉండదు. వైర్‌లెస్ సెన్సర్ల వల్ల కలిగే అసలు ప్రయోజనం ఈ ఖాళీని పూడ్చడం, రోగిని త్వరగా పడక దింపడం. ఐసీయూ అందంగా కనిపించడం దాని తర్వాతి మాట.

అయితే తీగను తీసేస్తే దానితోపాటు ఒక భరోసా కూడా పోతుంది. తీగ ఊడితే మానిటర్ వెంటనే ఆ మాట చెబుతుంది, ఊడిన తీగ కంటికీ కనబడుతుంది. రేడియో సంకేతం ఆగిపోయినప్పుడు మాత్రం చూడటానికి ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ సరిగా రాయని చోట తెర మీద పాత అంకె అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల కింది ప్రతి మెట్టులోనూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ సంకేతం ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది, ఎన్ని సెకన్లలో తెలుస్తుంది? దీనికి కాగితం మీద సమాధానం లేని వ్యవస్థను, ఎంత ఖరీదైనదైనా, రోగికి తగిలించకూడదు.

ఈ మార్గదర్శి జిల్లా కేంద్రంలోనో, మధ్యస్థాయి ప్రైవేటు ఆసుపత్రిలోనో ఉండే పది పడకల ఐసీయూను దృష్టిలో పెట్టుకుని రాసినది. బయోమెడికల్ ఇంజినీరు, ఐసీయూ ఇన్‌చార్జి నర్సు, క్రిటికల్ కేర్ వైద్యుడు ముగ్గురూ కలిసి చదవాలి. వీరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా దీన్ని అమర్చలేరు.

మొదటి మెట్టు: ఏ తీగను తీయాలో, దేన్ని ఉంచాలో నిర్ణయించడం

కంపెనీ ప్రతినిధితో మాట్లాడే ముందే ఈ జాబితా సిద్ధం కావాలి. గుండె వేగం, ఒకటి రెండు లీడ్ల ఈసీజీ, శ్వాస రేటు, చర్మ ఉష్ణోగ్రత, ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం) కొలిచే వైర్‌లెస్ పరికరాలు మార్కెట్‌లో ఉన్నాయి. ధమనిలోని రక్తపోటు కొలవడానికి సెలైన్ నిండిన గొట్టం, ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్ ఎలాగూ ఉండాల్సిందే. వెంటిలేటర్ గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఏర్పాటు కూడా అంతే. కనుక రక్తపోటు నిలబెట్టే నోర్‌ఎడ్రినలిన్ మందు మీద, వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఛాతీ మీద ఒక సెన్సర్ ప్యాచ్ అతికించినంత మాత్రాన తీగలు పోవు, పైగా చూసుకోవాల్సిన పరికరం ఒకటి పెరుగుతుంది. అలాంటి రోగిని తీగల మానిటర్ మీదే ఉంచడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

వైర్‌లెస్ బాగా అక్కరకొచ్చేది మూడు వర్గాలకు. వెంటిలేటర్ తీసేసి, ఫిజియోథెరపిస్టు సాయంతో కూర్చోబెట్టి నాలుగడుగులు నడిపించాల్సిన రోగులు మొదటివారు. స్కాన్‌కో, ఆపరేషన్ థియేటర్‌కో, ఐసీయూ నుంచి హెచ్‌డీయూకో (ఐసీయూకు, వార్డుకు మధ్యస్థంగా ఉండే విభాగం) తరలించే రోగులు రెండోవారు. మూడోవారు నవజాత శిశువులు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రోజర్స్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో, నెలలు నిండని పిల్లలకు ఛాతీ మీద ఒకటి, పాదం మీద ఒకటి చొప్పున పలుచని మెత్తని సెన్సర్లు అతికించి, పడక కింద అమర్చిన యాంటెన్నా ద్వారానే వాటికి విద్యుత్తు అందించి, బ్యాటరీ లేకుండానే ఈసీజీ, ఆక్సిజన్, ఉష్ణోగ్రత కొలిచారు. తీగలు లేకపోవడంతో తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని కంగారూ సంరక్షణ ఇవ్వడం తేలికైంది. అతికించిన టేపును పీకేటప్పుడు లేత చర్మం ఊడిపోయే బాధ కూడా తగ్గింది. మన ఎస్ఎన్‌సీయూలలో (నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగాలలో) కంగారూ సంరక్షణకు ఉన్న ప్రాధాన్యాన్ని బట్టి చూస్తే ఈ వర్గానికే ఎక్కువ మేలు జరిగే అవకాశం ఉంది.

పరుపు కింద పరిచే సెన్సర్లు వేరే రకం. బెంగళూరు సంస్థ డోజీ తయారుచేసే పరికరం ఈ కోవలోదే. గుండె కొట్టుకున్నప్పుడు శరీరంలో కలిగే సూక్ష్మమైన కదలికలను పసిగట్టి గుండె వేగాన్ని, శ్వాస రేటును లెక్కిస్తుంది. రోగి ఒంటికి ఏదీ తగలదు కాబట్టి వార్డులకు, హెచ్‌డీయూకు అనువుగా ఉంటుంది. అయితే కదలికను బట్టి లెక్కించేది ఈసీజీ కాదు. గుండె లయ తప్పే ప్రమాదం ఉన్న రోగికి దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

రెండో మెట్టు: పరికరాన్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన పత్రాలు

వైద్య పరికరాల నియమావళి 2017లో వచ్చింది, 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. కాబట్టి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇచ్చిన తయారీ లేదా దిగుమతి లైసెన్సును, అది ఏ తరగతికి, ఏ వాడకానికి ఇచ్చినదో చూడాలి. రోగికి ఆరోగ్య వివరాలు తెలియజేయడానికి అనుమతించిన పరికరం వేరు, ఐసీయూలో నిరంతర పర్యవేక్షణకు అనుమతించిన పరికరం వేరు. వ్యాయామం కోసం చేతికి పెట్టుకునే గడియారాలు ఎంత మంచి పేరున్నవైనా ఈ పనికి రావు. రేడియో భాగానికి టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికర రకానికి ఇచ్చే ఆమోదం) పత్రం అడగాలి.

ఈ రెండో పత్రాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. విదేశాల నుంచి వాడేసిన టెలిమెట్రీ (రోగి సంకేతాలను రేడియో ద్వారా దూరానికి పంపే) యూనిట్లు చౌకగా వస్తున్నాయని కొనేవారు దీని వెనకున్న కథ తెలుసుకోవాలి. 1998లో అమెరికాలోని డాలస్ నగరంలో ఒక టీవీ కేంద్రం డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించగానే బేలర్ వైద్య కేంద్రంలోని గుండె రోగుల టెలిమెట్రీ పనిచేయడం మానేసింది. అంతవరకు ఖాళీగా ఉన్న టీవీ ఛానెల్‌నే ఆ పరికరాలు వాడుకుంటున్నాయి. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం 2000లో వైద్య టెలిమెట్రీకి 608 నుంచి 614, 1395 నుంచి 1400, 1429 నుంచి 1432 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లను ప్రత్యేకించింది. ఆ ఏర్పాటు అమెరికాది. ఆ పౌనఃపున్యాలలో పనిచేసే యూనిట్‌కు మన దేశంలో అదే రక్షణ ఉంటుందనుకుని కొనడం పొరపాటు. మనకు అందుబాటులో ఉన్న చాలా పరికరాలు లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌లో బ్లూటూత్ ద్వారానో, 2.4 లేదా 5 గిగాహెర్ట్‌జ్‌లో వైఫై ద్వారానో పనిచేస్తాయి.

సాంకేతిక పత్రంలో ముఖ్యంగా మూడు విషయాలు వెతకాలి. డీఫిబ్రిలేటర్ షాక్ ఇచ్చినా పాడవని రక్షణ ఉందా అన్నది మొదటిది. అలారంల ప్రమాణం ఐఈసీ 60601-1-8ను పాటించిందా అన్నది రెండోది. ఎస్‌పీఓ2 కచ్చితత్వాన్ని ఏ రంగు చర్మం ఉన్నవారి మీద పరీక్షించారు అన్నది మూడోది. ఈ చివరి ప్రశ్నకు తగిన కారణం ఉంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, పల్స్ ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా ధమని రక్తంలో నిజంగా 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, శ్వేతజాతి రోగులలో 3.6 శాతం కనిపించాయి. చామనఛాయ, నల్లని ఛాయ ఎక్కువగా ఉన్న మన ప్రజల మధ్య వాడే పరికరానికి ఈ ప్రశ్న తప్పనిసరి. వేలికి ఆరపార కాంతి పంపే ప్రోబ్ కంటే, ఛాతీ మీదో నుదుటి మీదో అతికించి తిరిగొచ్చిన కాంతిని చదివే రకంలో సాధారణంగా లోపం ఇంకొంచెం ఎక్కువ.

మూడో మెట్టు: రేడియో సర్వే

కొనుగోలు ఆర్డరు ఇవ్వడానికి ముందే ఇది జరగాలి. 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్‌జ్ వరకు ఉంటుంది. ఆసుపత్రి వైఫై, అటెండెంట్ల ఫోన్ల హాట్‌స్పాట్లు, వైర్‌లెస్ మౌస్‌లు, స్టాఫ్ రూములోని మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ ఇందులోనే సర్దుకుంటాయి. బ్లూటూత్ లో-ఎనర్జీ (తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ రకం) ఈ బ్యాండ్‌ను 40 ఛానెళ్లుగా విడదీసి, పరికరాలు ఒకదానినొకటి కనుగొనడానికి ప్రధానంగా 2402, 2426, 2480 మెగాహెర్ట్‌జ్ ఛానెళ్లను వాడుతుంది. ఈ మూడింటినీ వైఫై 1, 6, 11 ఛానెళ్ల మధ్య ఖాళీల్లో పడేలా ముందుచూపుతో ఎంచుకున్నారు. కాబట్టి ఐసీయూ చుట్టుపక్కల ఉన్న ప్రతి యాక్సెస్ పాయింట్‌నూ (వైఫై ఇచ్చే పెట్టెనూ) 1, 6, 11లలో ఒకదానికి కట్టడి చేయాలి. ఎవరో తెలియక 3 లేదా 4 ఛానెల్ పెడితే అది నేరుగా 2426 మీద కూర్చుంటుంది. 13 పెడితే 2480ని మింగేస్తుంది. ఒకసారి కలిసిన తర్వాత బ్లూటూత్ రద్దీ ఛానెళ్లను తప్పించుకుంటూ గెంతుతుంది కాబట్టి అప్పుడు సమస్య కనిపించదు. సంకేతం తెగి మళ్లీ కలవాల్సి వచ్చినప్పుడే ఆలస్యం బయటపడుతుంది, మనకు ఆలస్యం కూడనిది సరిగ్గా అప్పుడే.

ఆసుపత్రి కంప్యూటర్లను, బిల్లింగును, డాక్టర్ల ట్యాబ్‌లను వీలైనంతవరకు 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చి, 2.4ను సెన్సర్లకు తేలిక చేయాలి. సెన్సర్లే 5 గిగాహెర్ట్‌జ్ వైఫై వాడేవైతే 36 నుంచి 48 వరకు లేదా 149 పైన ఉన్న ఛానెళ్లలో ఉంచడం మేలు, ఎందుకంటే మధ్యలోని 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్ జాడ కనబడితే యాక్సెస్ పాయింట్ ఉన్నపళంగా ఛానెల్ వదిలి వెళ్లిపోతుంది.

సర్వే చేసే పద్ధతి గురించి ఒక మాట. ఖాళీ ఐసీయూలో, బల్ల మీద పెట్టిన సెన్సర్‌తో చేసిన సర్వే దేనికీ పనికిరాదు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, నీరు నిండిన మానవ శరీరం దాన్ని బాగా పీల్చుకుంటుంది. సిబ్బందిలో ఒకరిని పడక మీద పడుకోబెట్టి, ప్యాచ్ అతికించి, వెల్లకిలా, కుడిపక్కకు, ఎడమపక్కకు, బోర్లా ఉంచి ప్రతి భంగిమలోనూ సంకేత బలాన్ని రాసుకోవాలి. శ్వాస ఆడని రోగులను బోర్లా పడుకోబెట్టే పద్ధతి ఉన్న యూనిట్‌లో చివరి భంగిమను వదిలేయకూడదు. పడక చుట్టూ నలుగురు నిలబడి ఉన్నప్పుడు, ఎక్స్‌రే యంత్రం పక్కన ఉన్నప్పుడు, అటెండెంట్లను లోపలికి వదిలే సమయంలో మళ్లీ కొలవాలి. అత్యంత చెడ్డ భంగిమలో కూడా మైనస్ 80 డీబీఎం (సంకేత బలానికి కొలమానం) కంటే బలహీనపడకుండా, ప్రతి పడకనూ కనీసం రెండు గేట్‌వేలు (సెన్సర్ల సంకేతాన్ని అందుకుని నెట్‌వర్క్‌కు పంపే పెట్టెలు) వినగలిగేలా గోడలకు అమర్చుకుంటే ఒక గేట్‌వే ఆగినా పర్యవేక్షణ ఆగదు. గేట్‌వేలను ఫాల్స్ సీలింగ్ లోహపు చట్రాల వెనక దాచడం, ఎక్స్‌రే గది సీసపు గోడకు అవతల పెట్టడం లాంటివి చూడటానికి బాగుంటాయి కానీ సంకేతాన్ని చంపుతాయి. టాయిలెట్, నడవా, లిఫ్టు కూడా సర్వేలో ఉండాలి, ఎందుకంటే నడవగలిగే రోగి సరిగ్గా అక్కడికే వెళతాడు.

నాలుగో మెట్టు: నెట్‌వర్క్, కరెంటు, గడియారం

డేటా పరిమాణం గురించి భయపడాల్సింది లేదు. ఒక లీడ్ ఈసీజీని సెకనుకు 250 సార్లు, ఒక్కో కొలతకు 2 బైట్ల చొప్పున పంపితే సెకనుకు 500 బైట్లు. ఎస్‌పీఓ2 కోసం రెండు కాంతుల సంకేతాన్ని సెకనుకు 100 సార్లు, 3 బైట్ల చొప్పున పంపితే 600 బైట్లు. పది పడకలకు కలిపి సెకనుకు 11 కిలోబైట్లు, రోజుకు సుమారు 950 మెగాబైట్లు. సామాన్యమైన నెట్‌వర్క్ దీన్ని అవలీలగా మోస్తుంది. ఇబ్బంది పెట్టేవి ఆలస్యం, తెంపు, కరెంటు.

సెన్సర్ నుంచి గేట్‌వేకు, అక్కడి నుంచి సర్వర్‌కు, అక్కడి నుంచి సెంట్రల్ స్టేషన్ తెరకు వెళ్లే దారి మొత్తం ఆసుపత్రి ప్రాంగణంలోనే పూర్తి కావాలి. ఇంటర్నెట్ పోయినా అలారం మోగాలి. క్లౌడ్‌కు పంపడం, దూరంలో ఉన్న నిపుణుడికి చూపించడం అదనపు సౌకర్యాలుగా ఉండాలే తప్ప, నర్సు ముందున్న తెర వాటి మీద ఆధారపడకూడదు. ఈ పరికరాలకు విడిగా ఒక వీల్యాన్ (అదే నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగం) కేటాయించి, గేట్‌వేలకు పీఓఈ (నెట్‌వర్క్ కేబులులోనే కరెంటు ఇచ్చే) స్విచ్ ద్వారా కరెంటు ఇచ్చి, ఆ స్విచ్‌ను, సర్వర్‌ను, తెరను యూపీఎస్ మీద పెట్టాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొద్ది సెకన్లలో యూపీఎస్ లేని ఒక్క స్విచ్ ఆగిపోతే చాలు, అది మళ్లీ లేచి నిలబడటానికి నిమిషాలు పడుతుంది, అంతసేపూ పది పడకలూ మూగబోతాయి. వెంటిలేటర్లకు యూపీఎస్ ఇచ్చి మూలన ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌ను మరిచిపోవడం పాత భవనాలలో మామూలే.

సెన్సర్లు, సర్వర్, తీగల మానిటర్లు, వెంటిలేటర్లు అన్నీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే పద్ధతి) ద్వారా ఒకే గడియారానికి కట్టుబడి ఉండాలి. ఒకదానికొకటి మూడు నిమిషాలు తేడాగా నడుస్తుంటే, గుండె ఎప్పుడు ఆగింది, అలారం ఎప్పుడు మోగింది అని తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఐదో మెట్టు: రోగికి, సెన్సర్‌కు ముడి వేయడం

తీగ ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. ఏ పడక దగ్గర తీగ ఉందో ఆ రోగి అంకెలే అవి. వైర్‌లెస్‌లో ఒకరి ప్యాచ్ ఇంకొకరి పేరు మీద తెరపై కనిపించే అవకాశం ఉంది. ఒకే ఐసీయూలో ఇద్దరు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మన దగ్గర వింత కాదు కాబట్టి పేరుతో ముడి వేయడాన్ని పూర్తిగా నిషేధించాలి. చేతి పట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు బార్‌కోడ్‌ను, ప్యాచ్ మీది బార్‌కోడ్‌ను వరుసగా స్కాన్ చేసి, రోగి నాడిని చేత్తో పట్టుకుని తెర మీది లయతో సరిపోల్చి, రెండో నర్సు చూసి సంతకం చేయాలి. పడక మారినప్పుడు, థియేటర్ నుంచి తిరిగొచ్చినప్పుడు ఇదే తంతు మళ్లీ జరగాలి. డిశ్చార్జి అయిన రోగి ముడిని విప్పకుండా కొత్త రోగికి పడక ఇవ్వకూడదు. రోగి మరణించినప్పుడు కూడా ప్యాచ్ తీసి, ముడి విప్పి, ఆ తర్వాతే దేహాన్ని బంధువులకు అప్పగించాలి. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును దహనానికి పంపరాదు.

ఆరో మెట్టు: ఒంటికి అతికించడం

తప్పుడు అలారంలలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. మన రోగుల చర్మం మీద కొబ్బరి నూనె, విభూతి, పసుపు, ఉబ్బసానికి రాసిన బామ్ ఉండటం సహజం. సబ్బు నీటితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, వెంట్రుకలుంటే రేజరుతో గీయకుండా క్లిప్పర్‌తో కత్తిరించి, గరుకు గుడ్డతో మెల్లగా రుద్దిన తర్వాతే ప్యాచ్ అతికించాలి. స్పిరిట్ తడి ఆరకముందే అతికిస్తే అంటు నిలవదు, చర్మమూ మండుతుంది. మంగళసూత్రం, తాయెత్తు, జంధ్యం ప్యాచ్ మీద ఆడుతుంటే ఈసీజీలో అలజడి కనిపిస్తుంది. వాటిని తీసేయమని కోప్పడే కన్నా, కుటుంబానికి చెప్పి ఒప్పించి భుజం వైపు జరిపి టేపు వేయడం మంచిది. ఎస్‌పీఓ2కు గోరింటాకు నల్లగా పండిన వేలిని, గోళ్ల రంగు ఉన్న వేలిని వదిలి వేరే వేలును ఎంచుకోవాలి.

సాంప్రదాయిక ఎలక్ట్రోడ్ల మీద వైర్‌లెస్ పెట్టె తగిలించే రకమైతే, ఎలక్ట్రోడ్లను రోజూ మార్చాలి. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలోని రెండు వార్డుల్లో కేవలం ఈ ఒక్క పని చేసినందుకు పడకకు వచ్చే అలారంలు 46 శాతం తగ్గాయని 2013లో ప్రచురించారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని ఐసీయూలో ఇంకొకటి దొరకడం కష్టం. వారం రోజులు ఉంచగలిగే ప్యాచ్ అయినా, దాని అంచులను, కింది చర్మాన్ని ప్రతి షిఫ్టులో చూడాలి. వృద్ధులలో, స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో, ఒళ్లు నీరుపట్టినవారిలో చర్మం ఊరికే ఊడివస్తుంది.

ఏడో మెట్టు: అలారంలు

ఇక్కడ తొందరపడితే మిగతా అన్ని మెట్లూ వృథా. అమెరికాలోని జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారంలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 సంఘటనలలో 80 మరణంతో ముగిశాయి. అలారంలు మోగకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు, అతిగా మోగడం కూడా కారణమే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 77 ఐసీయూ పడకల మీద 31 రోజులపాటు నమోదు చేస్తే మొత్తం 25 లక్షలకు పైగా అలారంలు వచ్చాయి. చెవికి వినిపించేవే పడకకు రోజుకు 187. నిపుణులు విడిగా పరిశీలించిన 12,671 గుండె లయ అలారంలలో 88.8 శాతం ఉత్తవేనని 2014లో ప్రచురించారు. అన్ని ఉత్త మోతల నడుమ అసలు మోతను గుర్తుపట్టడం ఏ నర్సుకైనా అసాధ్యం.

కనుక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పరిమితులతో మొదలుపెట్టకూడదు. ముందుగా ప్రతి రోగికి అతని స్థితిని బట్టి హద్దులు పెట్టే అధికారం ఎవరిదో రాయాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ ఉన్న రోగికి ఎస్‌పీఓ2 లక్ష్యమే 88 నుంచి 92 శాతం అయినప్పుడు, 90 దగ్గర అలారం పెడితే అది రాత్రంతా మోగుతూనే ఉంటుంది. తర్వాత ఆలస్యం: దగ్గుకో, చెయ్యి కదిపితేనో ఒక క్షణం పడిపోయి లేచే ఎస్‌పీఓ2కు 10 నుంచి 15 సెకన్ల ఆలస్యం పెట్టవచ్చు. గుండె ఆగడానికి, వెంట్రిక్యులార్ ఫిబ్రిలేషన్‌కు (గుండె రక్తం పంపలేక వణికే ప్రాణాంతక స్థితికి) ఆలస్యం ఏ మాత్రమూ ఉండకూడదు.

ఇక వైర్‌లెస్‌కే ప్రత్యేకమైన అలారం సంకేతం తెగడం. దీన్ని చాలా వ్యవస్థలు తక్కువ ప్రాధాన్యం గల సాంకేతిక సందేశంగా తెర మూలన చిన్న అక్షరాలలో చూపిస్తాయి. వార్డులో అది సరిపోవచ్చు, ఐసీయూలో సరిపోదు. నేను సూచించే ఆరంభపు అమరిక ఇది: సంకేతం ఆగిన 10 సెకన్లలో ఆ పడక గడి మొత్తం రంగు మారాలి, అంకెల స్థానంలో గీతలు రావాలి. 30 సెకన్లకు శబ్దం రావాలి. 60 సెకన్లు దాటినా ఎవరూ అందుకోకపోతే ఇన్‌చార్జి నర్సు ఫోన్‌కు, ఆపై డ్యూటీ డాక్టర్‌కు వెళ్లాలి. ఈ సెకన్లను యూనిట్ వైద్యుడు తగ్గించవచ్చు, పెంచాలంటే కారణం రాయాలి. పాత అంకెను తెర మీద నిలిపి ఉంచే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఏ షరతు మీదా అంగీకరించకూడదు. ఫోన్‌కు వచ్చే సందేశం ఎప్పుడూ రెండో అంచె మాత్రమే, ఎందుకంటే ఫోన్ సైలెంట్‌లో ఉండవచ్చు, చార్జింగ్‌లో ఉండవచ్చు, నర్సు చేతులకు గ్లవ్స్ ఉండవచ్చు.

ఎనిమిదో మెట్టు: పాతది, కొత్తది పక్కపక్కన

కొన్ని వారాలపాటు తీగల మానిటర్, వైర్‌లెస్ సెన్సర్ రెండూ ఒకే రోగి మీద నడవాలి. ఈ కాలంలో చికిత్స నిర్ణయాలు తీగల మానిటర్‌ను బట్టే తీసుకోవాలి. రెండింటి అంకెలను పోల్చేటప్పుడు కోరిలేషన్ (రెండూ కలిసి పెరిగి తగ్గే తీరు) ఎంత బాగుందో చూసి సంతోషపడటం సరికాదు. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ చూపిన పద్ధతిలో రెండింటి మధ్య తేడాను, ఆ తేడా ఎంత విస్తృతంగా చెదిరిందో చూడాలి. సగటు తేడా సున్నాకు దగ్గరగా ఉన్నా, ఒక్కో రోగిలో నిమిషానికి ఎనిమిది శ్వాసల తేడా ఉంటే ఆ సెన్సర్ శ్వాస రేటు పనికిరాదు. శ్వాస రేటుకు ప్రమాణం తీగల మానిటర్ కూడా కాదు, నర్సు పూర్తిగా 60 సెకన్లు చూసి చేసిన లెక్కే ప్రమాణం. ఎస్‌పీఓ2కు ప్రమాణం ధమని రక్తాన్ని పరీక్షించే ఏబీజీ యంత్రంలో కో-ఆక్సీమెట్రీ (రక్తంలోని ఆక్సిజన్‌ను నేరుగా కొలిచే పద్ధతి) ఇచ్చే అంకె.

కష్టమైన రోగులను ఏరి కలపాలి: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ క్రమం తప్పే జబ్బు) ఉన్నవారు, చలిజ్వరంతో వణుకుతున్నవారు, చేతులు చల్లబడిన షాక్ రోగులు, మతి తప్పి అటూ ఇటూ పొర్లేవారు, డయాలసిస్ మీద ఉన్నవారు. ప్రశాంతంగా నిద్రపోయే పదిమంది మీద అంకెలు కలిశాయంటే దాని అర్థం ఏమీ లేదు.

తొమ్మిదో మెట్టు: కావాలని చెడగొట్టి చూడటం

స్టాప్‌వాచ్ పట్టుకుని చేయాల్సిన పని. ఆరోగ్యవంతుడైన ఉద్యోగికి ప్యాచ్ అతికించి, ఒక్కొక్కటిగా చెడగొట్టాలి. ప్యాచ్‌ను పీకి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఒక గేట్‌వే కేబులు లాగండి, తర్వాత రెండూ లాగండి. నెట్‌వర్క్ స్విచ్‌కు కరెంటు ఆపండి. సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి. బ్యాటరీ దాదాపు అయిపోయిన ప్యాచ్‌ను అతికించి చూడండి. ప్రతిసారీ తెర మీద ఎన్నో సెకనుకు ఏం కనిపించింది, ఎవరు కదిలారు అని రాసి పెట్టాలి. మధ్యాహ్నం పన్నెండుకు చేసిన పరీక్షను రాత్రి మూడింటికి ముందుగా చెప్పకుండా మళ్లీ చేస్తేనే మొదట వేసుకున్న ప్రశ్నకు నిజమైన సమాధానం దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇదంతా తిరిగి చేయాలి.

పదో మెట్టు: భద్రత, గోప్యత

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురై, చాలా రోజులపాటు ఓపీ చీట్ల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేతితో రాసుకోవాల్సి వచ్చింది. సెన్సర్ల వీల్యాన్‌ను విడిగా ఉంచమనడానికి ఇదొక కారణం. బిల్లింగ్ కంప్యూటర్‌లో తెరిచిన ఈమెయిల్ ఐసీయూ తెరను చీకటి చేయకూడదు. బ్లూటూత్ చిప్‌లకూ బలహీనతలు ఉంటాయి. స్వీన్‌టూత్ అనే పేరుతో బయటపడిన లోపాల వల్ల పరికరాలు ఆగిపోవచ్చని 2020 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సెన్సర్‌లో ఏ చిప్ ఉంది, దానికి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఎన్నేళ్లు ఇస్తారు అన్నది కొనుగోలు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మొదటి రోజే మారాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద రోగి వివరాలకు బాధ్యత ఆసుపత్రిదే కాబట్టి, క్లౌడ్‌కు వెళ్లే డేటాలో పేరు ఉంటుందా, ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎప్పుడు తొలగిస్తారు అన్నవి కూడా అదే ఒప్పందంలో చేరాలి.

పదకొండో మెట్టు: రోజువారీ నడక

బ్యాటరీ లెక్కను కంపెనీ కరపత్రానికి వదిలేయకుండా మనమే వేసుకోవాలి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సామర్థ్యం సుమారు 225 మిల్లీఆంపియర్ గంటలు. సెన్సర్ సగటున 2 మిల్లీఆంపియర్లు వాడితే కాగితం మీద 112 గంటలు, అంటే నాలుగున్నర రోజులకు కొంచెం పైగా. చిన్న బిళ్ల మీద భారం పెరిగేకొద్దీ పూర్తి సామర్థ్యం అందదు, సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు పదే పదే పంపడం వల్ల ఇంకా త్వరగా అయిపోతుంది. అందుకని మూడో రోజునే, పగటి షిఫ్టులో, మార్చే ఆనవాయితీ పెట్టాలి. అర్ధరాత్రి మార్పులు తప్పులకు తావిస్తాయి. తిరిగి వాడే సెన్సర్లను తయారీదారు చెప్పిన ద్రావణంతోనే తుడవాలి, ఒకసారి వాడే ప్యాచ్‌లను కడిగి మళ్లీ అతికించడం ఇన్‌ఫెక్షన్‌ను ఒక పడక నుంచి ఇంకో పడకకు మోయడమే. ఎంఆర్ఐకి పంపే ముందు తీయాల్సిన వస్తువుల జాబితాలో ప్యాచ్ పేరు చేర్చాలి, తీగ లేనందువల్ల గౌను కింద అది కనబడదు.

ఏ పరిస్థితుల్లో తిరిగి తీగకు మారాలన్నది కూడా ముందే రాసి, పడక పక్కన అంటించాలి. రక్తపోటు నిలబెట్టే మందు మొదలుపెట్టినా, శ్వాసనాళంలో ట్యూబు వేయాల్సి వచ్చినా, కొత్తగా గుండె లయ తప్పినా, ఒక షిఫ్టులో సంకేతం మూడుసార్లు తెగినా, వైద్యుడి ఆదేశం కోసం ఎదురుచూడకుండా నర్సే తీగల మానిటర్ తగిలించే అధికారం ఉండాలి. గుండె ఆగి సీపీఆర్ మొదలైతే డీఫిబ్రిలేటర్ ప్యాడ్లకు అడ్డొచ్చే ప్యాచ్‌ను వెంటనే పీకేయాలి. ఆ క్షణం నుంచి డీఫిబ్రిలేటర్ తెరే ప్రమాణం. అందువల్ల పది పడకలకూ వైర్‌లెస్ వచ్చినా, పది తీగల మానిటర్లూ ఎక్కడివక్కడే, కరెంటుకు కలిపి, కొత్త ఎలక్ట్రోడ్ల ప్యాకెట్ తగిలించి ఉండాలి. వాటిని పక్క వార్డుకు పంపేయమని యాజమాన్యం అడిగితే ఇన్‌చార్జి నర్సు ఈ కాగితాన్ని చూపించాలి.